రేమండ్ లిస్టర్ రీసెర్చ్ ఎంతదూరం వెళ్ళిందో వెతుకుతూ, మా సీ ల్యాబ్‌లోకి తెచ్చుకుంటూ: ప్రాజెక్టు డైరీ

జూన్, సెలవుల్లో

ముందు ప్రాజెక్టు ఏంటో చెప్పేస్తా. సిడ్నీలో యూనివర్సిటీ ఆఫ్ టెక్నాలజీలో పనిచేసిన రేమండ్ లిస్టర్ అనే ఆయన, ప్రోగ్రామింగ్ కొత్తగా నేర్చుకునేవాళ్ళ బుర్రలో ఏం జరుగుద్ది అన్నదాని మీద ఇరవై ఏళ్ళకి దగ్గరగా రీసెర్చ్ చేశారు. ఆ పని వల్ల ఎవరి క్లాసులో ఏం మారింది, ఎవరి పరీక్ష పేపర్లో ఏ ప్రశ్న కొత్తగా వచ్చింది, అది ఒక మ్యాప్‌లా గీయాలి. అది మొదటి సగం. రెండో సగం, ఆ ప్రశ్నల తరహాలో మన ఫస్టియర్ పిల్లలకి సరిపోయే ప్రశ్నల సెట్ ఒకటి తయారుచేసి మా సీ ప్రోగ్రామింగ్ ల్యాబ్‌లో వాడి చూడాలి.

గూగుల్ స్కాలర్‌లో పేరు కొడితే సైటేషన్ల లెక్క (ఆయన పేపర్లని మిగతావాళ్ళు ఎన్నిసార్లు ఉదహరించారో), హెచ్-ఇండెక్స్ (ఆ లెక్క నుంచే కట్టే ఒక అంకె) క్షణంలో వచ్చేస్తాయి కదా, ఇంకా మ్యాప్ దేనికి అని మా డిపార్ట్‌మెంట్లో మేడమ్ ఒకరు అడిగారు, మంచి ప్రశ్నే. కానీ నాకు ఆ అంకె చాలదు, ఎందుకంటే ఇంట్రడక్షన్‌లో పది పేర్లతో కలిపి బ్రాకెట్‌లో పడేసినా ఒక సైటేషనే, ఆ పేపర్ చదివి ఒక టీచరు తన మిడ్ పేపర్ మొత్తం మార్చేసుకున్నా ఒక సైటేషనే (అసలు చాలామంది టీచర్లు పేపర్లు రాయరు కాబట్టి అక్కడ సున్నానే పడుద్ది). ఈ తేడా బయటికి తీయడానికే మ్యాప్.

అందుకని షీట్‌లో ప్రతి పేపర్‌కీ ఒక కాలమ్ పెట్టాను, లిస్టర్ పనిని వీళ్ళు దేనికి వాడారు అని. పేరుకి చెప్పారా, ఆయన ప్రశ్నలే తీసుకుని మళ్ళీ పరీక్ష పెట్టారా, పద్ధతి తీసుకుని పెంచారా, లేదా ఒప్పుకోకుండా వాదించారా. లిస్టర్ పేరు వచ్చిన వాక్యం చదవకుండా ఏ గడీ నింపకూడదు, అదొక్కటే రూల్.

జూన్, ఇంకొన్నాళ్ళకి

ఈ మ్యాప్ ఒక చెట్టు అనుకుంటే దాని మొదలు 2001 దగ్గర పెట్టాను, అది లిస్టర్ పేపర్ కాకపోయినా. జార్జియా టెక్‌కి చెందిన మైక్ మెక్‌క్రాకెన్, ఇంకొంతమంది కలిసి నాలుగు యూనివర్సిటీల్లో, మొదటి ప్రోగ్రామింగ్ కోర్సు అయిపోయిన పిల్లలకి ఒకే రకం లెక్క ఇచ్చారు, క్యాలిక్యులేటర్ లాంటి ప్రోగ్రామ్ రాయమని. 216 మంది రాశారు, సగటు 110కి 22.89. ఒక కాలేజీలో అలా వస్తే ఆ టీచర్నో ఆ పిల్లల్నో అనేసి ఊరుకునేవాళ్ళం, కానీ అన్ని చోట్లా తక్కువే వచ్చేసరికి ప్రపంచంలో ప్రోగ్రామింగ్ చెప్పేవాళ్ళందరూ ఉలిక్కిపడ్డారు.

మెక్‌క్రాకెన్ గ్రూప్ చెప్పిన కారణం, పిల్లలకి సమస్యని ముక్కలు చేసి పరిష్కారం కట్టుకోవడం రావట్లేదని. లిస్టర్ అక్కడ ఆగి ఇంకో ప్రశ్న వేశారు: అసలు వాళ్ళకి ఎదురుగా ఉన్న కోడ్ చదవడం వస్తోందా? 2004లో ఇంగ్లండ్‌లోని లీడ్స్‌లో జరిగిన కాన్ఫరెన్స్‌లో ఆయన నడిపిన గ్రూప్ ఏడు దేశాల పిల్లలకి 12 మల్టిపుల్ ఛాయిస్ ప్రశ్నలు పెట్టింది. కొన్నిట్లో కోడ్ మొత్తం ఇచ్చేసి చివర్లో వేరియబుల్ విలువ ఎంత అని అడిగారు, కొన్నిట్లో ఒకట్రెండు లైన్లు ఖాళీగా వదిలి ఏది పెట్టాలో ఎంచుకోమన్నారు. ఒక్క లైను కూడా సొంతంగా రాయక్కర్లేదు. అయినా చాలామంది తడబడ్డారు. రాయడం రాకపోవడానికి సమస్యా పరిష్కారం దాకా వెళ్ళక్కర్లేదు, అంతకన్నా ముందున్న మెట్టే గట్టిగా లేదు అని తేలింది.

ఆ పేపర్లో నాకు బాగా నచ్చింది ఏంటంటే పిల్లలు పరీక్ష కాగితం మీద పక్కన గీసుకున్న పిచ్చిగీతల్ని కూడా వదల్లేదు, వాటిని రకాలుగా విడదీసి చూశారు. వేరియబుల్ విలువలు స్టెప్పు స్టెప్పుకీ రాసుకున్నవాళ్ళకి సరైన జవాబు ఎక్కువగా వచ్చింది. ఈ ఒక్క ముక్క నుంచి ఒక కొమ్మ వెళ్ళింది, 2017లో క్యాథరిన్ కన్నింగ్‌హామ్, బార్బరా ఎరిక్సన్, మార్క్ గుజ్డియల్ వాళ్ళు జార్జియా టెక్‌లో అదే విశ్లేషణ మళ్ళీ చేసి పొడిగించారు. షీట్‌లో దీనికి "పద్ధతి తీసుకుని పెంచారు" అని పెట్టాను.

జూలై, కాలేజీ తెరిచాక

గ్రాఫ్‌విజ్ అనే బొమ్మలు గీసే సాఫ్ట్‌వేర్‌లో మ్యాప్ గీయడం మొదలుపెట్టా. ఎడమ నుంచి కుడికి సంవత్సరాలు, ఒకే సంవత్సరం పేపర్లన్నీ ఒకే నిలువు వరసలో, బాణం రంగుని బట్టి అది ఏ రకం వాడకమో తెలుస్తుంది. తెలుగు పేర్లు పెడితే డబ్బాలు డబ్బాలుగా వస్తుంటే ఫాంట్ పేరు నోటో సాన్స్ తెలుగు అని ఇచ్చాను, సరిగ్గా వచ్చింది. ఎవరికైనా పనికొస్తుందని రాస్తున్నా.

ఇక ప్రశ్నలు. లీడ్స్ సెట్ జావాలో ఉంది, మా వాళ్ళకి సీ, అందుకని మార్చి రాసుకున్నా. ఆ తరహాలో నేను కట్టిన ప్రశ్న ఒకటి చెప్తా. రెండు సార్టెడ్ అర్రేలు (చిన్నదాన్నుంచి పెద్దదానికి పేర్చిన అంకెల వరసలు), ఒకటి 3, 5, 8, 9, రెండోది 3, 5, 6, 9. రెండిట్లోనూ చివరి ఇండెక్స్ (గడి నంబరు, సీలో సున్నా నుంచి మొదలవుద్ది) నుంచి వెనక్కి వస్తాం, రెండు ఇండెక్సులూ సున్నా కన్నా పెద్దవిగా ఉన్నంతసేపే లూప్ నడుస్తుంది, విలువలు సమానమైతే కౌంట్ ఒకటి పెంచి రెండు ఇండెక్సులూ తగ్గించాలి, లేకపోతే పెద్ద విలువ ఉన్న వైపు ఇండెక్స్ తగ్గించాలి. చివర్లో కౌంట్ ఎంత?

కోడ్ వాలకం చూసి "ఓహో రెండిట్లో ఉన్నవి లెక్కపెడుతోంది" అనుకున్నవాళ్ళు 3 అంటారు, ఎందుకంటే 3, 5, 9 రెండిట్లోనూ ఉన్నాయి. కానీ లూప్ ఇండెక్స్ సున్నా దగ్గరికి రాగానే ఆగిపోతుంది కాబట్టి మొదటి గడిలో ఉన్న 3ని అసలు చూడదు, జవాబు 2. తెలివైన పిల్లలు ఊహించి 3 అన్నారు, నెమ్మదిగా టేబుల్ గీసుకున్న ఒకమ్మాయి 2 అంది, ఆ అమ్మాయి ఇంటర్ దాకా తెలుగు మీడియం, క్లాసులో నోరే విప్పదు. మీరెలా చేశారో బోర్డు మీద చూపించండమ్మా అంటే వచ్చి నాలుగు కాలమ్‌లు గీసి, పాత విలువ చెరపకుండా కొట్టేసి కింద కొత్తది రాస్తూ చివరిదాకా చేసింది. వెనక బెంచీ కుర్రాళ్ళు కూడా ఫోన్లు పక్కనపెట్టి చూశారు.

ఆ రోజు నుంచి రూల్ పెట్టాం, ట్రేస్ టేబుల్ (కోడ్‌ని లైను లైను మనమే నడిపి వేరియబుల్ విలువలు రాసుకునే పట్టిక) పెన్నుతో వెయ్యాలి, చెరపడం లేదు, కొట్టేసి కింద రాయాలి. చెరిపితే పిల్లాడి ఆలోచన ఎక్కడ దారి తప్పిందో నాకు కనపడదు.

జూలై చివర

బ్రేస్‌లెట్ కొమ్మ మీద కూర్చున్నాను, మ్యాప్‌లో అన్నిటికన్నా చిక్కగా ఉన్నది ఇదే. 2004 చివర్లో న్యూజిలాండ్‌లో జాక్వెలిన్ వాలీ, టోనీ క్లియర్, లిస్టర్ మొదలుపెట్టిన ప్రాజెక్టు ఇది. న్యూజిలాండ్, ఆస్ట్రేలియా కాలేజీల టీచర్లు చాలామంది చేరారు. పద్ధతి చాలా సింపుల్: విడిగా ప్రయోగం అని పెట్టకుండా, ఎవరి కాలేజీ ఫైనల్ పరీక్షలో వాళ్ళు కొన్ని ఒకే రకం ప్రశ్నలు పెట్టుకోవాలి, తర్వాత ఒకచోట కూర్చుని జవాబులు కలిపి చూడాలి. పెద్ద గ్రాంటూ పెద్ద ల్యాబూ అక్కర్లేదు. మామూలు టీచర్లు తమ పరీక్ష పేపర్లతోనే రీసెర్చ్ చేయొచ్చని చూపించారు, నా దృష్టిలో లిస్టర్ ప్రభావంలో సగం ఇదే, ఇది ఏ హెచ్-ఇండెక్స్‌లోనూ కనపడదు.

వాళ్ళు పెట్టిన ప్రశ్నల్లో ఒక రకం, చిన్న కోడ్ ముక్క ఇచ్చి ఇది ఏం చేస్తుందో మామూలు మాటల్లో చెప్పు అని. జవాబుల్ని సోలో అనే కొలమానంతో విడదీశారు, అది బిగ్స్, కాలిస్ అనే విద్యా పరిశోధకులు 1982లో ఇచ్చినది. పిల్లాడు ఒక్కో లైన్నీ విడివిడిగా చదివి చెప్తే ఒక స్థాయి, అన్నీ కలిపి మొత్తం పని ఏంటో చెప్తే దానిపై స్థాయి. 2006లో ఇటలీలోని బొలోన్యాలో వచ్చిన పేపర్లో ప్రశ్న అర్రే సార్ట్ అయి ఉందో లేదో చూసే కోడ్. అనుభవం ఉన్న టీచర్లు దాదాపు అందరూ ఒక్క ముక్కలో అదే చెప్పారు, పిల్లల్లో చాలామంది లైను లైను చదివారు.

మా ల్యాబ్‌లో అదే తరహా కోడ్ ఇచ్చాను, తెలుగులో చెప్పినా ఇంగ్లీషులో చెప్పినా కలిపి చెప్పినా మార్కులు ఒకటే అని ముందే అన్నాను. ఒకబ్బాయి రాసింది: "ఐ సున్నా నుంచి స్టార్ట్ అవుద్ది, ఎన్ మైనస్ వన్ దాకా వెళ్తది, దీనికన్నా పక్కది చిన్నదైతే ఫ్లాగ్ జీరో చేస్తది". ఒక్క తప్పు లేదు. పక్కబ్బాయి రాసింది: "నంబర్లు చిన్నదాన్నుంచి పెద్దదానికి వరసలో ఉన్నాయా లేవా అని చెక్ చేస్తుంది సార్". ఇద్దరి కాగితాలూ పక్కపక్కన పెట్టి చూస్తుంటే నాకు చాలాసేపు వేరే పని చేయబుద్ధి కాలేదు, ఎందుకంటే ఇన్నాళ్ళూ మా వైవాలో మొదటి అబ్బాయికి ఫుల్ మార్కులు పడిపోతాయి, లైను లైను గడగడా చెప్పేస్తాడు కదా, అతనికి ఇంకా మిగిలి ఉన్న మెట్టు ఎవరికీ కనపడదు. రికార్డు నీట్‌గా ఉంటుంది, ఔట్‌పుట్ అతికించి ఉంటుంది, సంతకం అయిపోతుంది.

ఒక సంగతి గమనించాలి, ఈ స్థాయిలు పిల్లాడి తెలివికి లేబుల్ కాదు. ఆ రోజు ఆ కోడ్ మీద ఆ జవాబుకి మాత్రమే. షీట్‌లో పెద్దక్షరాలతో రాసుకున్నా, పిల్లల పేర్ల పక్కన స్థాయి రాయకూడదు, జవాబు పక్కనే రాయాలి.

ఆగస్టు

లోపెజ్, వాలీ, రాబిన్స్, లిస్టర్ 2008లో రాసిన పేపర్, వెనబుల్స్, టాన్, లిస్టర్ 2009లో రాసిన పేపర్, ఈ రెండిటికి వచ్చిన బాణాలు చదువుతున్నా. ట్రేస్ చేయగలగడం, కోడ్ ఏం చేస్తుందో చెప్పగలగడం, ఈ రెండూ కలిసి రాయగలగడంతో గట్టిగా ముడిపడి ఉన్నాయని చూపించిన పేపర్లు ఇవి.

ఇక్కడ మేడమ్‌తో మంచి వాదన జరిగింది. "ముడిపడి ఉన్నాయంటే ఇది వస్తేనే అది వస్తుందని కాదుగా, బాగా చదివే పిల్లలకి మూడూ బాగానే వస్తాయి" అన్నారు. నిజమే, ఒకే పరీక్షలో మార్కులు పోల్చి చెప్పేదాంట్లో కారణం ఏది ఫలితం ఏది అని తేలదు, ఆ పేపర్లు కూడా అలా తేల్చేశామని అనలేదు. కానీ వీళ్ళని ఉదహరించిన కొన్ని పేపర్లలో మాత్రం "ట్రేసింగ్ వచ్చాకే రాయడం వస్తుందని నిరూపించారు" అన్నట్టు రాసేశారు. దీనికి షీట్‌లో కొత్త రకం పెట్టాల్సొచ్చింది, "ఉన్నదానికన్నా ఎక్కువ చెప్పారు". ఒక స్కాలర్ ప్రభావం గీసేటప్పుడు ఇది కూడా గీయాలి, ఆయన మాట ఎక్కడ సాగిపోయిందో కూడా చూడాలి. ఆ బాణాలకి బూడిద రంగు ఇచ్చా.

జవాబులు దిద్దడం కష్టమన్న కొమ్మ కూడా ఉంది. ఆస్ట్రేలియాలోనే సైమన్ అని ఒక పరిశోధకుడు, ఆయనకి ఒక్కటే పేరు, స్నోడన్‌తో కలిసి 2014లో ఈ "ఏం చేస్తుందో చెప్పు" ప్రశ్నల్ని మల్టిపుల్ ఛాయిస్‌గా పెడితే ఎలా ఉంటుందో పోల్చి చూశారు. పెద్ద క్లాసులు ఉన్న మనలాంటి వాళ్ళకి అది ముఖ్యమే గానీ, నాకైతే పిల్లల సొంత వాక్యాలు వదులుకోబుద్ధి కావట్లేదు. కొన్నాళ్ళు చేత్తోనే దిద్దుతా.

ఆగస్టు, మిడ్ పరీక్షల ముందు

స్వాప్ ప్రశ్న పెట్టాం, అంటే రెండు వేరియబుల్స్‌లో విలువలు ఒకదానికొకటి మార్చేది. 2011లో కోర్నీ, లిస్టర్, టీగ్ రాసిన పేపర్ నుంచి వచ్చిన ఆలోచన, బ్రిస్బేన్‌లో క్వీన్స్‌లాండ్ యూనివర్సిటీ ఆఫ్ టెక్నాలజీ పిల్లలతో చేసింది. మొదటి ప్రోగ్రామ్‌గా హలో వరల్డ్ ఎలాగో, విడి లైన్ల మధ్య సంబంధం చూడగలగడానికి స్వాప్ అలాంటిదని వాళ్ళ మాట. సెమిస్టర్ మొదటి వారాల్లోనే, లూపులు కూడా రాకముందే, ఎవరికి కష్టంగా ఉందో దీంతో కనపడుతుంది. మేము మామూలుగా పిల్లాడికి కష్టంగా ఉందని గుర్తుపట్టేది మిడ్ మార్కులు వచ్చాక, అప్పటికే సిలబస్‌లో పాయింటర్లనే కష్టమైన పాఠం దగ్గర ఉంటాం.

టెంప్ = ఎ, ఎ = బి, బి = టెంప్. మూడు లైన్లు ఇచ్చి ఏం జరిగిందో ఒక్క వాక్యంలో రాయమన్నాను, తర్వాత లైన్ల వరస మార్చి ఇచ్చి ఇప్పుడు చివర్లో ఏ విలువలు ఉంటాయన్నాను, తర్వాత ఖాళీ కాగితం ఇచ్చి వేరే పేర్లతో మీరే రాయండి అన్నాను. మూడో దాంట్లో కొందరు రెండే లైన్లు రాశారు, పి = క్యూ, క్యూ = పి. వాళ్ళతోనే రెండో లైను దగ్గర పి విలువ ఎంతుందో ట్రేస్ చేయించాను. "అరే, పాత పి పోయింది సార్" అని ఒకడు గట్టిగా అన్నాడు. నేను పది నిమిషాలు చెప్పినా అంత బాగా ఎక్కేది కాదు.

ఇంకా పైకి వెళ్ళే ప్రశ్న, తిప్పి రాయడం. అర్రేలో అన్నిటినీ ఒక గడి కుడికి జరిపి చివరిదాన్ని మొదట్లో పెట్టే కోడ్ ఇస్తాం, దాని పని మొత్తం వెనక్కి తిప్పే కోడ్ రాయమంటాం. అసలు కోడ్‌లో టెంప్‌లో చివరి విలువ దాచి, లూప్ చివర నుంచి మొదటికి వస్తుంది. తిప్పినదాంట్లో టెంప్‌లో మొదటి విలువ దాచాలి, లూప్ మొదటి నుంచి చివరికి వెళ్ళాలి. ప్లస్ ఉన్నచోట మైనస్ పెట్టి లూప్ దిశ మార్చకుండా వదిలేస్తే విలువలు ఒకదాని మీద ఒకటి పడి ఒకే అంకె అర్రే అంతా పరుచుకుంటుంది. ఈ రకం ప్రశ్న 2011లో లిస్టర్ ఒంటరిగా రాసిన పేపర్లో బాగా వివరంగా ఉంది. పిల్లల ఎదుగుదల గురించి పియాజే చెప్పిన దశల్ని ఆ పేపర్లో ప్రోగ్రామింగ్‌కి అన్వయించారు, కాకపోతే వయసుతో సంబంధం లేకుండా, పెద్దవాళ్ళయినా కొత్త విషయంలో అడుగుపెడితే ఈ దశలు మళ్ళీ మొదట్నుంచి దాటాలి అన్న రూపంలో. మొదటి దశలో ట్రేసింగే నికరంగా రాదు. రెండో దశలో ట్రేస్ వస్తుంది కానీ ఏ విలువా పెట్టకుండా కోడ్ గురించి ఆలోచించడం రాదు. మూడో దశలోకి వస్తేనే ఇలా తిప్పి రాయగలుగుతారు. డోనా టీగ్ తర్వాత పిల్లల్ని పక్కన కూర్చోబెట్టుకుని, గట్టిగా మాట్లాడుతూ ప్రోగ్రామ్ చేయించి, ఈ దశల్ని దగ్గర్నుంచి చూశారు, ఆమె పీహెచ్‌డీ కూడా దీనిమీదే.

ఈ పేపర్ చదివాక నా బోర్డు పద్ధతి మారింది. మొదటి దశలో ఉన్న పిల్లాడి ముందు నేను ఫ్లోచార్ట్ గీసి "ఇదిగో లాజిక్" అంటే అతనికి అందేది ఏమీ ఉండదు, అతనికి ముందు ఒక్క అసైన్‌మెంట్ లైన్ (ఎ = బి లాంటిది) ఏం చేస్తుందో గట్టిపడాలి. అందుకని ఇప్పుడు ల్యాబ్‌లో ముందు కాసేపు సిస్టమ్‌లు ఆన్ చేయనివ్వట్లేదు, కాగితం మీద చదవడమే.

సెప్టెంబర్

మ్యాప్ కుడివైపు ఇప్పుడు నిండుతోంది, దూరపు కొమ్మలు ఇవి. ఇంగ్లండ్‌లో సూ సెంటెన్స్ వాళ్ళ ప్రిమ్ పద్ధతి: ముందు ఊహించు, నడిపి చూడు, లోపల పరిశీలించు, మార్చు, అప్పుడు సొంతంగా చెయ్యి. దీనిమీద 2019లో సెంటెన్స్, వెయిట్, కల్లియా రాసిన పేపర్, రాయడం కన్నా ముందు చదవడం అన్న వాదనకి ఈ లిస్టర్ వరస పనిని ఆధారంగా తీసుకుంది. అక్కడ అది స్కూళ్ళదాకా వెళ్ళింది, పదకొండు పన్నెండేళ్ళ పిల్లల క్లాసుల్లోకి. అమెరికాలో బెంజమిన్ షీ, ఆండ్రూ కో వాళ్ళ గ్రూప్ 2019లో చదవడం, రాయడం వేరువేరు నైపుణ్యాలుగా విడదీసి ఏది ఏ వరసలో నేర్పాలో ఒక సిద్ధాంతం రాసింది, అదీ ఈ నేల మీదే నిలబడింది.

నాకు ఎక్కువ ఉత్సాహం ఇచ్చింది 2024 పేపర్లు. ఆక్లండ్‌లో పాల్ డెన్నీ, ఇల్లినాయ్‌లో డేవిడ్ స్మిత్, క్రెయిగ్ జిల్స్ వీళ్ళంతా ఏం చేశారంటే, పిల్లాడు కోడ్ చదివి అది ఏం చేస్తుందో మామూలు మాటల్లో రాస్తాడు, ఆ మాటల్ని చాట్‌జీపీటీ లాంటి లాంగ్వేజ్ మోడల్‌కి ఇచ్చి కోడ్ రాయిస్తారు, ఆ వచ్చిన కోడ్‌ని టెస్ట్ కేసుల మీద నడుపుతారు. పాసైతే పిల్లాడి వివరణ సరైనదని. 2005 ప్రాంతంలో పరీక్ష పేపర్లో మొదలైన ప్రశ్నే ఇలా మారింది. ఇప్పుడు మా పిల్లలు కోడ్ అడిగితే చాట్‌జీపీటీ రాసి ఇచ్చేస్తోంది, వాళ్ళకి మిగిలింది అది సరైనదో కాదో చదివి తేల్చుకోవడమే, కాబట్టి లిస్టర్ అడిగిన ప్రశ్న అప్పటికన్నా ఇప్పుడే ఎక్కువ అవసరం అని నాకు గట్టిగా అనిపిస్తోంది.

ఇప్పుడు పని ఎక్కడుందంటే

మ్యాప్ 2001 నుంచి 2011 దాకా నాకు తృప్తిగా వచ్చింది, తర్వాతది ఇంకా చదవాల్సింది చాలా ఉంది. ప్రశ్నల సెట్‌లో ట్రేసింగ్, ఏం చేస్తుందో చెప్పడం, స్వాప్ వరకు అయిపోయాయి, తిప్పి రాయడం రకం ఇంకా తక్కువ ఉన్నాయి, స్ట్రింగులమీద కొన్ని కట్టాలి. మేడమ్ తన సెక్షన్‌లో కూడా ఇవే ప్రశ్నలు పెడతానన్నారు, బ్రేస్‌లెట్ వాళ్ళలాగే రెండు సెక్షన్ల జవాబు కాగితాలు కలిపి, పేర్లు కనపడకుండా మడిచి, ఇద్దరం విడివిడిగా స్థాయిలు వేసి తర్వాత పోల్చుకుంటాం. ఇద్దరం ఒకే జవాబుకి వేరే స్థాయి వేస్తే ఎందుకు వేశామో పక్కనే రాసుకోవాలని అనుకున్నాం.

యూనివర్సిటీ పేపర్ మా చేతిలో లేదు కానీ ల్యాబ్ ఇంటర్నల్ మా చేతిలోనే ఉంది. వచ్చే ఇంటర్నల్‌లో రెండు ప్రశ్నలు మారుస్తున్నాం, ప్రోగ్రామ్ రాయమనే ఒకదాని బదులు, ఇచ్చిన ఫంక్షన్ ఏం చేస్తుందో ఒక్క వాక్యంలో చెప్పి దానికో సరైన పేరు పెట్టమని, ఇంకోదాంట్లో ట్రేస్ టేబుల్‌కే విడిగా మార్కులు. హెచ్‌వోడీ గారికి మోడల్ పేపర్ ఇచ్చాం, చూసి చెప్తానన్నారు. వచ్చే ఎంట్రీలో ఆ పేపర్, సంవత్సరాల వారీ మ్యాప్ పెడతాను, ఎవరైనా మీ ల్యాబ్‌లో వాడితే పిల్లలు రాసిన జవాబులు ఎలా ఉన్నాయో చెప్పండి, మార్కులకన్నా అవే కావాలి నాకు.